మేలువిలాసము మాఱినయెడల
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన మహాసభలయందు విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు, పేద విద్యార్థుల పోషణమును గూర్చియు పెద్దలు ప్రసంగించుచుండుట ఆచారము. ఈ పర్యాయము కార్యనిర్వాహకులు మమ్ము మాటలాడుమని కోరగా మేమొక చిన్న విషయమును గైకొంటిమి. అది ఉత్తరముపై వ్రాయు మేలువిలాసము. అమెరికాయందున్న భర్త యిచటనున్న భార్యను తనకడకు రప్పించుకొనుటకై అర్జీ దాఖలు చేసి, ఆ యర్జీ తేలకమునుపే యిల్లు మాఱినయెడల, క్రొత్త విలాసమును ఎవరికి తెలుపవలయును? ఎన్ని దినములలో తెలుపవలయును? తెలుపకున్న నేమగును? ఇది వినుటకు గుమాస్తాపనివలె దోచును. కాని దీనియందలి ఏమఱుపాటువలన మన యిండ్లలో కొన్ని కాపురములు ఏండ్లతరబడి ఆగిపోయినవి. అందుచేత దీనిని సభాముఖమున చర్చింపదగిన విషయమనియే మేము తలంచుచున్నాము.

మేము న్యాయవాదులము గాము. బాలురకు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవారము. అయినను అక్షరము తెలిసినవారమని యెంచి, మా గ్రామస్థులు విదేశమునుండి వచ్చిన కాగితములను తెచ్చి "మాస్టారూ, దీనిలో నేమున్నదో చెప్పుడు" అని యడుగుచుందురు. అట్లు చదివి, తెలిసినవారిని విచారించి, ఆ ప్రభుత్వమువారు ప్రకటించిన నియమములను పరిశీలించి తెలిసికొన్న సంగతులనే యిచట మనవి చేయుచున్నాము.

ముందుగా ఈ యవసరము మనకు వచ్చిన త్రోవను స్మరింతము. బెజవాడకడ కృష్ణానదికి ఆనకట్ట 1855వ సంవత్సరమున పూర్తియైనది. కాలువనీరు వచ్చినపిదప ఈ డెల్టాయందు పంట నిలుకడగొన్నది. పంటవలన ధనము, ధనమువలన చదువు, చదువువలన పరదేశగమనము క్రమముగా గలిగినవి. అమెరికా ద్వారము మాత్రము మనదేశీయులకు చాలకాలము మూయబడియే యుండెను. 1917వ సంవత్సరపు చట్టము ఆసియాఖండమందలి పెక్కు ప్రాంతములవారి వలసను నిషేధించెను. 1923వ సంవత్సరమున భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచటి సుప్రీంకోర్టు మనదేశీయులకు పౌరత్వార్హత లేదని తీర్పు చెప్పెను. 1946వ సంవత్సరపు చట్టముచే పౌరత్వము నొందు హక్కును, ఏటికి నూఱుమంది మాత్రము వలసపోవు వీలును గలిగినవి. 1965వ సంవత్సరపు చట్టము పుట్టినదేశమునుబట్టి జనులను లెక్కించు పాతపద్ధతిని తొలగించి, కుటుంబసంబంధమునకును విద్యానైపుణ్యమునకును ప్రాధాన్య మొసంగెను. అటుపిమ్మట మన వైద్యులును, ఇంజనీర్లును, కంప్యూటరు విద్య నేర్చినవారును తండోపతండములుగా వెడలిరి. నేడు గుడివాడ, ఉయ్యూరు, పామఱ్ఱు, గన్నవరము ప్రాంతములయందు అమెరికాలో బంధువు లేని వీధి అరుదు. కావున ఆ దేశపు కాగితము మన గడపలోనికి వచ్చిన కాగితమేయైనది.

ఇక అర్జీ యననేమో చూతము. అమెరికా పౌరుడుగాని, అచట శాశ్వతనివాసాధికారము, అనగా గ్రీన్‌కార్డు, గలవాడుగాని తన భార్యకొఱకు ఐ-130 అను పత్రమును దాఖలు చేయవచ్చును. ఉద్యోగవీసాపై మాత్రమే యున్నవాడు దీనిని దాఖలు చేయజాలడు. అతని భార్య వెళ్లు మార్గము వేఱు. ఈ భేదము తెలియక వివాహసమయమున మోసపోయినవారును గలరు. పౌరుని భార్యకు సంఖ్యానియమము లేదు. శాశ్వతనివాసి భార్యకు సంఖ్యానియమము గలదు. ఆ దేశపు విదేశాంగశాఖ ప్రతిమాసము ప్రకటించు వీసా పట్టికలో తనవంతు వచ్చువఱకు ఆమె నిరీక్షింపవలయును. భర్త నడుమ పౌరుడైనచో ఆ సంగతిని తెలిపిన భార్య మొదటి తరగతిలోనికి వచ్చును.

ఈ యర్జీని మొదట పరిశీలించునది యూఎస్‌సీఐఎస్ అని పిలువబడు పౌరత్వ వలససేవల శాఖ. దాఖలైనపిదప వారొక రసీదును పంపుదురు. అందు మూడక్షరములును పది యంకెలును గలిసిన రసీదు సంఖ్య యుండును. ఆ సంఖ్యయే అర్జీకి నామధేయము. అర్జీ సమ్మతింపబడినపిదప న్యూహాంప్‌షైర్ రాష్ట్రమందలి పోర్ట్స్‌మత్ పట్టణముననున్న జాతీయ వీసా కేంద్రమునకు కాగితములు చేరును. వారు రుసుములను, ప్రమాణపత్రములను గ్రహించి విచారణదినమును నిర్ణయింతురు. హైదరాబాదున 2008వ సంవత్సరమున అమెరికా కాన్సులేటు ఏర్పడినను, వలసవీసా విచారణకు మనవారు ముంబయికే పోవలసియున్నది. ఇట్లు ఒక కాపురము కుదుటబడుటకు మూడు కార్యస్థానముల వాకిండ్లు దాటవలయును. ప్రతివాకిటను అడుగబడు మొదటిప్రశ్న యొక్కటియే: నీవెచట నుందువు?

కాళిదాస మహాకవి మేఘసందేశమును సంస్కృతము చదివినవారెల్లరు నెఱుగుదురు. ఏకవత్సర శాపముచే రామగిరియందు చిక్కుకొన్న యక్షుడు అలకాపురియందలి తన భార్యకు మేఘునిచేత వార్త పంపినాడు. అతడు తన దుఃఖమును చెప్పుటకు ముందు త్రోవ చెప్పినాడు. త్రోవ ముగిసినపిదప ఇంటి గుఱుతులు చెప్పినాడు: కుబేరుని గృహమున కేదిక్కుననున్నదియు, తోరణ మెట్టిదియు, ప్రక్కనున్న చెట్టేదియు, వాకిటిప్రక్కల వ్రాసిన శంఖపద్మ చిహ్నములును. విద్యార్థులు ఈ భాగమును వర్ణనయని చదివి విడుతురు. మాకు మాత్రము వృద్ధాప్యమున అది మేలువిలాసముగా దోచుచున్నది. అంతటి విరహమందును ఆ యక్షుడు విలాసమును మఱవలేదు. ఆతని భాగ్యవశమున అలకాపురియందలి యిల్లు కదలలేదు. మన దంపతులకు ఆ భాగ్యము లేదు. అచట భర్త ఉద్యోగము మాఱినప్పుడెల్ల ఊరు మాఱును. అద్దె గడువు తీరినప్పుడెల్ల ఇల్లు మాఱును. ఇచట భార్య పుట్టింటనుండి అత్తవారింటికిని, అచటినుండి ఉద్యోగమునకై హైదరాబాదునకును మాఱుచుండును. ఇరుగట్టులును కదలుచుండగా నడుమ వంతెన నిలుచుట యెట్లు?

ఇల్లు మాఱినవారు సాధారణముగా తపాలాశాఖకు తెలిపి, ఇక భయము లేదని తలంతురు. ఇదియే మొదటి పొరపాటు. అచటి తపాలాశాఖకు తెలిపినంతమాత్రమున వలసశాఖకు తెలిపినట్లు గాదు. వలసశాఖ పంపు ఉత్తరములను తపాలావారు క్రొత్త యింటికి మరల్చుదురను నిశ్చయమును లేదు. పాతయింటికి పోయిన యుత్తరము తిరిగిపోవచ్చును. లేదా తరువాత చేరిన అద్దెదారుని చేత చిత్తుకాగితమై పోవచ్చును.

ఆ యుత్తరము రసీదుమాత్రమేయైన నష్టము స్వల్పము. అది అదనపు సాక్ష్యమును కోరు నోటీసైనయెడల నష్టము పెద్దది. వివాహము నిజమైనదని చూపుటకు ఇంకను కొన్ని కాగితములు కావలయునని యధికారి కోరవచ్చును. దానికి ప్రత్యుత్తర మిచ్చుటకు పన్నెండు వారములకు మించని గడువు నిత్తురు. నిరాకరింప దలంచినట్లు తెలుపు నోటీసునకు గడువు ముప్పది దినములే. గడువు దాటినను బదులు రాకున్న, అర్జీదారు తన యర్జీని విడిచిపెట్టినట్లెంచి దానిని త్రోసివేయవచ్చును. విడిచిపెట్టినవాడు లేడు, విడువబడినది మాత్రము గలదు. ఈ న్యాయమును మనము కఠినమని నిందింపవచ్చును. కాని లక్షలాది యర్జీలను చూచు కార్యస్థానమునకు మన యింటి తలుపు తట్టి పిలుచు వీలు లేదు. కాగితముపై వ్రాసిన విలాసమే దానికి మన తలుపు.

మా యెఱుకలోని యొక కుటుంబమున నిట్లే జరిగినది. వారి పేర్లు చెప్పము. వరుడు అమెరికా పౌరుడు. వివాహమైన కొలదిమాసములకే అర్జీ దాఖలు చేసెను. పిమ్మట వేఱొక రాష్ట్రమున మంచి యుద్యోగము దొరకగా ఇల్లు మాఱెను. తపాలాశాఖకు తెలిపెను, వలసశాఖకు తెలుపలేదు. అర్జీయందు వ్రాసిన ఈమెయిలు విలాసము అతనిదిగాక కాగితములు నింపిపెట్టిన యొక దళారిది. ఆ దళారి కొంతకాలమునకు దుకాణము కట్టివేసెను. సాక్ష్యము కోరిన నోటీసు ఎవరికిని చేరలేదు. అర్జీ త్రోసివేయబడిన సంగతి దంపతులకు తెలియునప్పటికి చాలమాసములు గడచినవి. మఱల క్రొత్త యర్జీ, మఱల రుసుము, మఱల నిరీక్షణము. ఇవి లెక్కకు వచ్చు నష్టములు. లెక్కకు రాని నష్టము వేఱొకటి గలదు. ఆ పిల్ల పుట్టింటనుండగా చెఱువుగట్టునను, పెండ్లిపందిళ్లలోను, "అల్లుడు తీసికొనిపోడా యేమి?" అను మాట పుట్టినది. తల్లి శుభకార్యములకు పోవుట మానినది. తండ్రి బజారున నిలుచుట మానినాడు. భర్తయందు దోషము లేదు, భార్యయందు దోషము లేదు, ప్రేమకు కొఱత లేదు. నాలుగు పంక్తుల విలాసము మార్చకపోవుటచే ఒక యాడుబిడ్డ పరువు వీధిలోని మాటయైనది. ఆ దంపతులు పిదప కలిసిరి, సుఖముగా నున్నారు. కాని పోయిన యేండ్లను ఎవరు తెచ్చి యిత్తురు?

కావున నియమములను వరుసగా చెప్పుదుము.

మొదటిది. పౌరులుగాక అమెరికాయందు నివసించువారు, కొలదిపాటి మినహాయింపులు తప్ప, ఇల్లు మాఱిన పదిదినములలో ఆ సంగతిని వలసశాఖకు తెలుపవలయును. ఏఆర్-11 అను పత్రము దీనికొఱకే యేర్పడినది. ఇది 1952వ సంవత్సరపు వలస చట్టమందలి 265వ విభాగపు విధి. దీనిని మీఱుట శిక్షార్హము. గ్రీన్‌కార్డు గల భర్త భార్యకొఱకు అర్జీ పెట్టినను పెట్టకున్నను ఈ విధికి బద్ధుడే.

రెండవది. భర్త పౌరుడైనచో పై పత్రము అతనికి విధింపబడలేదు. అంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. తన యర్జీ నడుచుచుండగా ఇల్లు మాఱినయెడల ఆ యర్జీమీది విలాసమును మార్పించుకొనుట ఆతని పని. చట్టము అడుగలేదని యూరకుండినవారే తఱచుగా చిక్కుపడుచున్నారు.

మూడవది. 2023వ సంవత్సరము అక్టోబరు మాసమున ఆ శాఖవారు అంతర్జాలమందలి తమ ఖాతాలోనుండియే విలాసమును మార్చుకొను సదుపాయమును కల్పించిరి. రసీదు సంఖ్యను చేర్చి క్రొత్త విలాసమును తెలిపినయెడల నడుచుచున్న అర్జీలమీదను మార్పు జరుగును. పదిదినముల విధియు నెఱవేఱును. కాగితపు పత్రమును తపాలాలో పంపినంతమాత్రమున అర్జీమీది విలాసము మాఱినదని తలపరాదు. ఒక్క కుటుంబమునకు రెండు మూడర్జీలున్నయెడల ప్రతిదాని రసీదు సంఖ్యను పేర్కొనవలయును. మార్పు జరిగినట్లు వచ్చిన ధ్రువీకరణమును భద్రపఱుపవలయును. న్యాయవాది నియమింపబడియున్నయెడల ఆయనకును వెంటనే తెలుపవలయును.

నాలుగవది. ఈ మార్పునకు ఆ శాఖ రుసుము గొనదు. రుసుము గొనని పనికి దళారులు సొమ్ము గొనుచున్నారు. విలాసపు గడిలోను, ఈమెయిలు గడిలోను తమ స్వంతవాటిని వ్రాయుచున్నారు. ఇల్లు మనది, తాళపుచెవి పరునిచేతిది యైనట్లు! ఆ రెండు గడులయందును దంపతుల స్వంతమైనవి తప్ప వేఱేవియు నుండరాదు.

అయిదవది. అర్జీ సమ్మతింపబడి జాతీయ వీసా కేంద్రమునకు చేరినపిదప, వలసశాఖకు తెలిపినది వీసా కేంద్రమునకు తెలిపినట్లు గాదు. అది వేఱొక శాఖ. వారి అంతర్జాలపు ప్రశ్నాపత్రముద్వారా మఱల తెలుపవలయును. ఇచటి ప్రమాదము మఱింత పెద్దది. వీసా లభ్యమైనదని తెలిపిన యేడాదిలోపల దరఖాస్తుదారు ఏ చర్యయు గైకొననిచో ఆమె నమోదును రద్దు చేయుటకు చట్టము వీలిచ్చుచున్నది. తమ వశములో లేని కారణముచే ఆలస్యమైనదని రెండేండ్లలోపల చూపినయెడల పునరుద్ధరణము గలదు. కాని ఉత్తరము అందకపోవుటకు మనమే కారణమైనప్పుడు ఏమని చూపుదుము?

ఆఱవది. భార్యను పోషింపగలనని భర్త సంతకము చేయు పోషణప్రమాణపత్రము ఐ-864 అనబడును. భార్య శాశ్వతనివాసి యైనపిదప ఆ ప్రమాణము అమలులోనున్నంతకాలము, సంతకము చేసినవాడు, పౌరుడైనను సరే, ఇల్లు మాఱిన ముప్పది దినములలో ఐ-865 అను పత్రముచే తెలుపవలయును. ఆదాయము చాలక అన్నగాని స్నేహితుడుగాని తోడుసంతకము చేసియున్న వారికిని ఇదే విధి. స్నేహముకొఱకు సంతకము చేసినవారు ఈ సంగతిని మఱచుట సర్వసామాన్యము.

ఇంతవఱకు అచటి విలాసమును చెప్పితిమి. ఇక ఇచటి విలాసమునకు వత్తము. ఇది మన డెల్టాకు ప్రత్యేకమైన చిక్కు. మనము కదలకున్నను మన విలాసము కదలినది. 2014వ సంవత్సరము జూను 2వ తేదీన తెలంగాణము వేఱు రాష్ట్రమైనది. అంతకుముందు హైదరాబాదున జరిగిన వివాహమునకు ధ్రువపత్రమున ఆంధ్రప్రదేశమని యుండును. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన కృష్ణాజిల్లా విభజింపబడి, విజయవాడ ముఖ్యపట్టణముగా ఎన్.టి.ఆర్. జిల్లా యేర్పడినది, మచిలీపట్టణము కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణముగా నిలిచినది, నూజివీడు, కైకలూరు ప్రాంతములు ఏలూరుజిల్లాలో చేర్పబడినవి. ఒకే యింటనున్న తండ్రికి ఒక జిల్లాపేరును, కుమార్తెకు వేఱొక జిల్లాపేరును కాగితములయందుండుట ఇందువలననే. దీనిని చూచి భయపడి పాత ధ్రువపత్రములను దిద్దించుకొన బోవలదు. పాతపత్రము ఆ తేదీనాటికి సత్యమే. అర్జీయందు నేటి నివాసమునకు నేటి జిల్లా పేరును వ్రాసి, పాతపత్రమును ఉన్నదున్నట్లు జతపఱచి, జిల్లా విభజింపబడిన తేదీని ఒక్కవాక్యమున తెలిపిన చాలును. ఊరిపేరు, వీధిపేరు ఇంగ్లీషున నెట్లు వ్రాయుదురో పాస్‌పోర్టును చూచి అన్నిచోట్లను అట్లే వ్రాయవలయును. పిన్‌కోడు ఆఱంకెలును తప్పక యుండవలయును.

వేఱొక యాచారమునుగూడ ఇచట ప్రస్తావింపక తప్పదు. కొందఱు పెద్దలు కోడలు అత్తవారింటనే యున్నదని వ్రాయుట గౌరవమని యెంచి, పిల్ల పుట్టింటనో ఉద్యోగస్థలమునో యున్నను అత్తవారి విలాసమునే వ్రాయింతురు. ఇది తగదు. భార్య సమర్పించు ఐ-130ఏ పత్రమున గడచిన అయిదేండ్ల నివాసములను తెలుపవలయును. తరువాత వీసాదరఖాస్తులో పదునాఱవయేటినుండి నివసించిన స్థలములనుగూడ అడుగుదురు. ఇంటర్మీడియెటు చదువునకు విజయవాడ వసతిగృహమున నున్న రెండేండ్లును, ఇంజనీరింగు చదివిన నాలుగేండ్లును అందు జేరును. ఒక పత్రమునకును వేఱొక పత్రమునకును పొందిక లేనప్పుడు, విచారణలో పిల్ల తడబడినప్పుడు, నిజమైన వివాహమే అబద్ధమువలె కనబడును. గౌరవముకొఱకు వ్రాసిన యసత్యము గౌరవమునే హరించును. సత్యము వ్రాసిన తడబడ బనిలేదు.

2024వ సంవత్సరము సెప్టెంబరు తొలిదినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మున్నగు పేటలు నీట మునిగిన సంగతి మనకెల్లరకు జ్ఞాపకమున్నది. మేడమీదికెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి బీరువాలలోని కాగితములు బురదయైనవి. బంధువులయిండ్లకు పోయినవారికి ఉత్తరములు చేరలేదు. దివిసీమవారికి 1977వ సంవత్సరపు నవంబరు ఉప్పెన జ్ఞాపకమే. నీటియొడ్డున బ్రతుకు మనము ముఖ్యపత్రముల ప్రతులను వేఱొక యూరిలోనొకటియు, ఫోనులోగాని ఖాతాలోగాని వేఱొకటియు ఉంచుకొనుట వివేకము.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చితిమి. మా యొద్దకు కాగితములు తెచ్చినవారిలో పెక్కుఱు తండ్రులు, మామలు, బావమఱదులు. ఏ పిల్లకొఱకు అర్జీ నడుచుచున్నదో ఆ పిల్లకు రసీదు సంఖ్య తెలియదు. భర్త యుండు ఇంటిసంఖ్య తెలియదు. "ఎచటనున్నాడమ్మా?" యన్న "డల్లాసులో" ననును. డల్లాసు విలాసము గాదు. బీటెక్కు చదివిన పిల్లచేత తన బ్రతుకునకు సంబంధించిన పదమూడు గుఱుతులు లేకుండుట మన విద్యాభివృద్ధికి శోభ గాదు. భర్త దాచినందున గాదు. పెద్దలు చూచుకొందురని ఆమె యడుగలేదు, పిల్లకేల యని పెద్దలు చెప్పలేదు. రసీదు ప్రతియు, భర్త నివాసపు పూర్ణవిలాసమును, న్యాయవాది పేరును ఆమెచేత నుండవలయును. ఇద్దఱు చూచు కాగితమున పొరపాటు సగము తగ్గును.

అరుదుగా నైనను, భర్త కావలెననియే విలాసము దాచు సందర్భములును గలవు. అట్టివాడు అర్జీని ఉపసంహరించుకొనవచ్చును. లేదా పెట్టకయే పెట్టితినని చెప్పవచ్చును. రసీదు సంఖ్య చేతనున్న భార్య ఆ శాఖవారి అంతర్జాలపుటలో అర్జీ యేస్థితిలోనున్నదో స్వయముగా చూచుకొనగలదు; సంఖ్య చెప్పుటకే వెనుదీయు భర్తనుగూర్చి పెద్దలు ముందుగానే మేల్కొనగలరు. ప్రవాసభారతీయుల వివాహములలో విడువబడిన స్త్రీల ఫిర్యాదులను గైకొనుటకు జాతీయ మహిళా కమిషనులో 2009వ సంవత్సరమున ప్రత్యేక విభాగ మేర్పడినది. పరువుపోవునని దాచుటకంటె అచటికి వ్రాయుట మేలు. అటులనే, అచటికి వెళ్లినపిదప హింస పాలైన స్త్రీలకు ఆ దేశపు చట్టము రక్షణ మొసంగుచున్నది. అట్టివారు చేసికొను అర్జీ సంగతిని, వారి విలాసమును భర్తకు తెలియనీయక కాపాడు నియమములు గలవు. అట్టి యాడుబిడ్డ విలాసమును తెలిసికొని బంధుత్వముచే బయటపెట్టువారు ఉపకారులు గారు.

వీసా వచ్చినంత మాత్రమున ఈ పని ముగియదు. విమానాశ్రయమున దిగునప్పుడు తెలిపిన విలాసమునకే గ్రీన్‌కార్డు తపాలాలో వచ్చును. ఆ నడుమ ఇల్లు మాఱినచో కార్డు తిరిగిపోవును. ఆ దేశమున ప్రవేశించునాటికి వివాహమై రెండేండ్లు నిండనియెడల రెండేండ్ల షరతుకార్డు నిత్తురు. అది ముగియుటకు ముందు తొంబది దినములలోపల షరతును తొలగింపుమని ఐ-751 పత్రముచే కోరుకొనవలయును. అప్పటినుండి పదిదినముల విధి ఆమెకే స్వయముగా వర్తించును. పుట్టింట తండ్రియు, విమానము దిగువఱకు భర్తయు చూచిన కాగితమును ఇక ఆమెయే చూచుకొనవలయును. కావున ముందునుండియే నేర్పుట మేలు.

మహాసభవారికి మూడు సూచనలు చేయుచున్నాము. ఒకటి, మన సంఘకార్యాలయమున నెలకొక దినము, ఇంగ్లీషు చదువగల యువతీయువకులు కూర్చుండి, వచ్చినవారికి నోటీసులను చదివి యర్థము చెప్పవలయును. చట్టసలహా యవసరమైనచో అధికారము గల న్యాయవాదియొద్దకే పంపవలయును. రెండు, సంబంధములు కుదుర్చు పెద్దలు జాతకములతోపాటు వరుని వలసస్థితిని, పూర్ణవిలాసమును వ్రాతమూలముగా గైకొనవలయును. మూడు, అమెరికాయందలి మన పోషకులు తమ యూరికి క్రొత్తగా వచ్చిన మన దంపతులను కలిసికొన్నప్పుడు భోజనమునకు పిలుచుటతోపాటు "విలాసము మార్పించుకొంటిరా?" యని యొక్కమాట యడుగవలయును. ఈ మూడింటికిని సొమ్ము అక్కఱలేదు, శ్రద్ధ చాలును.

మన పూర్వులు కాలువకు గండిపడినచో ఊరంతయు పాఱలు గొని కట్టకు పరుగెత్తెడివారు. గండి చిన్నదిగా నున్నప్పుడే గంపెడు మట్టి చాలునని వారెఱుగుదురు. విలాసము మార్చుట అట్టి గంపెడు మట్టి. దూరముననున్న దంపతులు శీఘ్రముగా నొక యింటివారగుదురుగాక యనియు, ఏ యాడుబిడ్డయు తెఱవబడని యుత్తరము కారణముగా గడపలో నిలువకుండుగాక యనియు ఆశించుచున్నాము.